వేయని చాటింపు

నాగలకుంటపాడులో ఇమ్మానియేలు గొంతు తెలియని ప్రాణి లేదు. మనిషి చూస్తే గుప్పెడంత, గొంతు మాత్రం ఊరవతల జామాయిల్ తోటల దాకా వినపడేది. రేషన్ బండి వస్తుందన్నా, పశువులకు గాలికుంటు టీకాలు వేస్తున్నారన్నా, ఓటరు కార్డుల్లో తప్పులు దిద్దుతామన్నా ముందుగా ఆయన డప్పు మోగాలి. డప్పును ఆ వైపున పలక అంటారు. గడ్డిమంట మీద తోలు కాచి, బిగువు చూసుకుని, పలక చంకకి తగిలించి బయల్దేరేవాడు. ప్రతి వీధి మొదట్లో మూడు దరువులు వేసి, “ఇందుమూలంగా గ్రామ ప్రజలందరికీ తెలియజేయడం ఏమనగా” అని ఎత్తుకున్నాడంటే పొయ్యి మీద పోపు మాడిపోతున్నా ఆడవాళ్లు గుమ్మంలోకి వచ్చి నిలబడేవారు.

తండ్రి చేసిన పనే అది. ఇరవై నాలుగేళ్లప్పుడు ఆదెమ్మను చేసుకున్నాడు. ఆదెమ్మది మూడు తరాల నుంచి ఏసు గుడిలో గంట కొట్టిన కుటుంబం. పెళ్లికి ముందు బాప్తిస్మం తీసుకోమన్నారు, తీసుకున్నాడు, ఈ పేరు అప్పుడు పెట్టిందే. పలక వదిలెయ్యమన్నారు, అక్కడ మొండికేశాడు. జాతర్లలో కొట్టేది, శవాల ముందు కొట్టేది మన ఇంట్లో ఎందుకని సంఘపెద్దలు. చాటింపు దేవతలది కాదు, సర్కారుదని ఈయన. నెల్లాళ్లు వాదించుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. జాతరకు కొట్టడు, పెళ్లికి కొట్టడు, చావుకి కొట్టడు. చాటింపు ఒక్కటే వేస్తాడు. అది కూడా ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాల్లో వెయ్యడు, అసలు పలక ముట్టుకోడు. ముప్పై ఐదేళ్లు ఆ మాట మీద నిలబడ్డాడు. శ్రమదినాలు మొదలయ్యే బుధవారం నాడు పలకని గోనెసంచిలో చుట్టి అటక మీద పెడితే మళ్లీ ఈస్టరు ఆరాధన అయ్యాకే దించేవాడు. ఊళ్లో హిందువులకి కూడా ఆ లెక్క తెలుసు.

శ్రమదినాల్లో పంచాయతీకి ఏదైనా చాటింపు అవసరం పడితే వేసినట్టు పుస్తకంలో సంతకం పెట్టేవాడు. అందులో మోసం ఉందని ఎవరికీ తోచలేదు. చెట్లు నాటే వారోత్సవం, కాలవలు తీసే వారోత్సవం, అవీ సంగతులు. వాటిని చాటినా ఒకటే, చాటకపోయినా ఒకటే. ఆదెమ్మకి మాత్రం అది గిట్టేది కాదు. “పలక ముట్టనోడివి పెన్ను మాత్రం ఎందుకు ముడతావయ్యా?” అనేది. ఈయన నవ్వి ఊరుకునేవాడు.

ఈలోగా రోజులు మారాయి. పూర్వం ఊరికి ఒక బోరు కావాలన్నా ఒంగోలు వెళ్లి కలెక్టరాఫీసు మెట్ల మీద పడిగాపులు పడాలి. ఇక ఆ తిప్పలు వద్దన్నారు. ఊరి పెత్తనం ఊరికే ఇస్తున్నామన్నారు. సచివాలయమని ఊళ్లోనే మేడ కట్టి, పదిమంది ఉద్యోగులను, పది కుర్చీలను పంపారు. గ్రామసభ ఒప్పుకోనిదే పంచాయతీ భూమిలో గడ్డిపరక కదలకూడదన్నారు. మంచిమాటే, కాదన్నవాడి కళ్లు పోతాయి. అయితే సభ జరుగుతున్నట్టు ఊరందరికీ తెలియాలి, తెలిసినట్టు రుజువుండాలి. కాబట్టి నోటీసు కింద చాటింపు వేసినవాడి సంతకం ఉండాలన్నారు. అంటే ఢిల్లీలో బయల్దేరిన అధికారం మెట్టు మెట్టూ దిగి, అన్ని ఆఫీసులూ దాటుకుని వచ్చి చివరికి ఇమ్మానియేలు పలక మీద కూర్చుంది. ఆ సంగతి ఢిల్లీకీ తెలియదు, ఇమ్మానియేలుకీ తెలియదు. సర్పంచి బాపయ్యకు మాత్రం బాగా తెలుసు.

బాపయ్య పది ఎకరాల మిరప రైతు. నోరు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే. ఆదెమ్మ జ్వరంతో చావుబతుకుల్లో ఉంటే తన కారులోనే గుంటూరు ఆసుపత్రికి పంపించాడు. ఆమె బతకలేదు. వానాకాలం మధ్యలో పోయింది. ఊరికి తూర్పున నాగలకుంట పక్కన ఉన్న సమాధుల తోటలో పాతిపెట్టారు. సిమెంటు సమాధి కట్టించే తాహతు లేక మట్టిదిబ్బ పోసి, కొడుకు అనిల్ కుమార్ తన చేత్తో వెల్డింగ్ చేసిన ఇనుప సిలువ పాతాడు. అనిల్ ఊరి చివర గ్రానైటు పాలిషింగ్ యూనిట్‌లో మిషన్ మీద పనిచేస్తాడు.

ఆదెమ్మ పోయి ఏడాది తిరక్కుండానే శ్రమదినాలు వచ్చాయి. మిరపకోతలు ముమ్మరంగా ఉన్నాయి. ఊళ్లో ముసలివాళ్లూ కోళ్లూ తప్ప ఎవరూ లేరు. ఇమ్మానియేలు బాపయ్య కళ్లంలో ఎండుమిరప కాయలు తిరగేస్తుంటే పంచాయతీ అటెండరు బుడే మోటారుసైకిలు మీద వచ్చి, సీటు మీదే పుస్తకం తెరిచాడు.

“మావా, ఒక సంతకం పడెయ్యి. రేపు గ్రామసభ.”

“శ్రమదినాలు గదరా. పలక ముట్టను.”

“ముట్టమని ఎవరన్నారు? వాట్సాప్‌లో పెట్టేశారు సెక్రటరీ గారు. అయినా ఈ కోతల్లో ఎవడొస్తాడు సభకి?”

ఎప్పటిలాగే సంతకం పెట్టాడు. బుడే రెండు పేజీలు తిప్పాడు. అది హాజరు పట్టీ. పేర్ల గళ్లు కొన్ని ఖాళీగా ఉన్నాయి. ఊదారంగు ఇంకుప్యాడు తీసి ముందు పెట్టాడు.

“సంతకం వచ్చినోళ్లందరి చేతా పెట్టించుకొచ్చా. వేలిముద్రలోళ్లు చేలల్లో చెల్లాచెదురుగా ఉన్నారు. నా వల్ల కాదు మావా, బండిలో పెట్రోలు లేదు. ఒక పది వేళ్లు నువ్వే వేసెయ్యి.”

“పేర్లేయిరా?”

“అయ్యి తర్వాత నింపుకుంటార్లే.”

కారం ఘాటుకి కళ్లు మండుతున్నాయి. ఎండ నెత్తి మాడుస్తోంది. బుడే మంచివాడు, రోజూ కనపడేవాడు. ఇమ్మానియేలు పది వేళ్లూ వరసగా వేశాడు. ఏ తీర్మానమని అడగలేదు. ఆ సాయంత్రం ఉపవాస ప్రార్థనకి వెళ్లేముందు బోరు దగ్గర బట్టలసబ్బుతో ఎంత రుద్దినా ఊదారంగు పోలేదు. ప్రార్థనంతసేపూ చేతులు తువ్వాలు కింద దాచుకుని కూర్చున్నాడు.

ఆ తీర్మానం ఏమిటో నెల తర్వాత ట్యాంకర్లు వచ్చి చెప్పాయి. రాళ్లు కోసి నునుపు పెట్టేటప్పుడు నీళ్లతో కలిసి వచ్చే తెల్లబురదను పోసుకోవడానికి నాగలకుంటను పాలిషింగ్ యూనిట్‌కు అప్పగించారు. గ్రామసభ ఏకగ్రీవంగా ఆమోదించిందట. కుంటకు గట్టు పోయడానికి సమాధుల తోట మొదట్లో ఉన్న రెండు తుమ్మచెట్లను, తంగేడు పొదలను పీకేశారు. రోజుకి ఆరేడు ట్యాంకర్లు వచ్చి ఒంపి పోయేవి. డిసెంబరులో తుఫాను పట్టింది. నాలుగు రోజుల వానకి మట్టిగట్టు తెగి బురదంతా సమాధుల మీదికి పొర్లింది. మోకాటి లోతు నిలిచి, ఎండ కాయగానే గచ్చులా బిగుసుకుపోయింది. కలిగినవాళ్ల సిమెంటు సమాధుల సిలువలు పైకి కనపడ్డాయి. మట్టిదిబ్బలన్నీ కిందికి పోయాయి. రెండడుగుల ఇనుప సిలువ ఆ పొర్లుకి కొట్టుకుపోయిందో, ఒరిగి కిందికి పోయిందో, జాడే లేదు.

పాస్టరు గారు అర్జీ రాసుకుని నలుగురిని వెంటబెట్టుకుని తిరిగారు. గనులవాళ్లు మాది రాళ్ల వరకే, బురద మాకు సంబంధం లేదన్నారు. కాలుష్యంవాళ్లు స్థలం పంచాయతీది, అక్కడ అడగమన్నారు. మండలంవాళ్లు పంచాయతీ మీద మాకు పెత్తనం లేదు, ఇప్పుడంతా మీదేగా అన్నారు. తిలా పాపం తలా పిడికెడు. అందరూ కలిసి చూపించింది మాత్రం ఒక్కటే కాగితం. మీ ఊరే ఒప్పుకుంది, మీ ఊళ్లోనే చాటింపు వేశారు, ఇదిగో వేసినవాడి సంతకం అన్నారు.

ఆ జిరాక్సు కాగితం ఆదివారం ఆరాధన అయ్యాక గుడి వరండాలో చేతులు మారింది. చివరికి ఒక పెద్దాయన ఇమ్మానియేలును నిలబెట్టి అడిగాడు. “ఏమయ్యా, చాటింపు వేశావా? మా ఇంట్లో ఎవరికీ వినపళ్లేదే.”

అప్పుడే నిజం చెప్పేసి ఉంటే కథ అక్కడితో సగం తీరిపోయేది. కానీ అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. గుడి గుమ్మంలో నిలబడి ముప్పై ఐదేళ్ల మాట గురించి, ఊదారంగు గురించి చెప్పడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

“వేశాను. కోతలకు పోయారు గదా, మీకు వినపడుండదు.”

శ్రమదినాల్లో ఎలా వేశావని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాడో ఆయనకే తెలియదు.

ఆ వారంలోనే మొదలైంది. మిట్టమధ్యాహ్నం పత్తిచేలో పత్తి తీస్తుంటే తూర్పు నుంచి మూడు దరువులు వినపడ్డాయి. తన దరువే. ఎడమచేతి పుల్ల చివర్లో ఒక వణుకు ఇస్తుంది, అది తన తండ్రికీ తనకీ తప్ప ఆ చుట్టుపక్కల ఎవరికీ రాదు. నడుం ఎత్తి చూశాడు. పక్క సాలులో ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ తీసుకుంటూ పోతున్నారు, ఒక్కరూ తల తిప్పలేదు. దరువుల తర్వాత మాట రావాలి కదా, “ఇందుమూలంగా” అని. ఆయన చెవులు రిక్కించి నిలబడ్డాడు. మాట రాలేదు. కాసేపటికి మళ్లీ మూడు దరువులు, ఇంకో వీధికి పోయినట్టు కాస్త దూరంగా మోగాయి.

దయ్యాలంటే నమ్మకం లేదని బాప్తిస్మం నాడే ఒప్పుకున్న మనిషి. ఎండదెబ్బ అనుకున్నాడు. రెండో రోజూ వచ్చింది, మూడో రోజూ వచ్చింది. ఇంటికొచ్చి పలక దించి చూశాడు. చల్లగాలికి తోలు సడలితే, ఎండకి బిగుస్తే ఒక్కోసారి దానంతటదే టప్పుమంటుంది, అదేమోనని తోలంతా నీళ్లతో తడిపి పెట్టాడు. తడిసిన పలక పిండిముద్దలా ఉంది, కొట్టినా మోగదు. మర్నాడు మధ్యాహ్నం తూర్పున మళ్లీ మోగింది.

ఎవరూ వినని ఆ చాటింపు ఊరంతా తిరిగేది. ఒక్కోరోజు రామాలయం వీధిలో, ఒక్కోరోజు సాయిబుల బజార్లో, ఒక్కోరోజు తమ పేటలోనే. చెవుల్లో దూది కుక్కుకుని తిరగడం మొదలుపెట్టాడు. చేలో పత్తికాయ కనపడితే గింజలు తీసి, ఉండచేసి చెవిలో పెట్టుకునేవాడు. ఒకనాడు అలా చెవులు మూసుకుని గుమ్మంలో కూర్చుంటే పక్కన ఆదెమ్మ వచ్చి కూర్చున్నట్టయింది. తెల్లబురద పాదాల నుంచి మోకాళ్ల దాకా ఎండి పెళ్లలు కట్టింది. ఆమె ఈయన వంక చూడలేదు. వీధి వంక చూస్తూ అంది, “నాకు వినపళ్లేదయ్యా.”

కోపంగా అనలేదు. నీళ్లపంపు వచ్చిందా రాలేదా అని చెప్పినట్టే చెప్పింది. అందుకే ఆయన గుండె చెరువైంది. వెక్కి వెక్కి ఏడ్చాడు. మగవాడు అలా ఏడవడం చూసి ఎదురింటి మేక కూడా మేత ఆపింది.

కోడలు హెలెన్ బిందె దించి పరిగెత్తుకొచ్చింది. ఆమెకి చెప్పేశాడు. సంతకం, వేళ్లు, గుడి వరండాలో ఆడిన అబద్ధం, పలక మోత, అన్నీ. హెలెన్ తెలివైన పిల్ల, తొందరపడి మాట్లాడదు. వీధిలో ఎవరూ లేరని చూసుకుని అంది.

“మావయ్యా, ఎవరితో అనమాకండి. ఆయన పని ఆ యూనిట్‌లోనే గదా. మీరు నోరు తెరిస్తే తెల్లారేసరికి ఆయన్ని ఇంటికి పంపిస్తారు. మీరు జైలుకి పోతారు. అత్తయ్య బురద కింద లేదు, పరలోకంలో ఉంది.”

“పరలోకంలో ఉన్న మనిషి గుమ్మంలోకి వచ్చి ఎందుకు కూర్చుంటదమ్మా?”

హెలెన్ లేచి, దించిన బిందె ఎత్తుకుంది. ఆమె తప్పేమీ లేదు, ఆ ప్రశ్న పాస్టరు గారిని అడిగినా అంతే.

మధ్యాహ్నం పలక మోత, అప్పుడప్పుడూ గుమ్మంలో ఆదెమ్మ, అలా ఏడాది పైగా గడిచింది. మధ్యలో వచ్చిన ఈస్టరు తెల్లవారుజామున అందరూ సమాధులకు సున్నం కొట్టి కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, ఇమ్మానియేలు తేలుకుట్టిన దొంగలా గట్టవతల నిలబడి చూశాడు. మట్టిదిబ్బలవాళ్లు గచ్చులాంటి బురద మీద ఉజ్జాయింపుగా కొవ్వొత్తులు పెట్టారు. హెలెన్ కూడా ఒకచోట పెట్టింది. ఆ చోటు కాదని ఆయనకు అనిపించింది గానీ ఏ చోటో చెప్పలేకపోయాడు.

పాస్టరు గారు పట్టు వదల్లేదు. పై ఆఫీసుల చుట్టూ తిరిగీ తిరిగీ, చివరికి డివిజన్ పంచాయతీ అధికారిణి విచారణకు వస్తోందని కబురు తెచ్చారు. పేరు లక్ష్మీదుర్గ. గ్రామసభ నిజంగా జరిగిందో లేదో ఊరివాళ్ల ముందే తేలుస్తానంది. విచారణ సంగతి ఊరంతా చాటింపు వేయించమని ఉత్తర్వు కూడా పంపింది. తేదీ చూస్తే శ్రమదినాల నడిమధ్య పడింది.

బుడే మళ్లీ పుస్తకం పట్టుకుని వచ్చాడు. రెండేళ్లలో కాస్త బొజ్జ వచ్చింది, గొంతు మాత్రం అదే. “మావా, సంతకం పడెయ్యి. ఎట్టాగూ నువ్వు పలక ముట్టవు గదా.”

ఆ మాట వినగానే ఇమ్మానియేలుకి రెండేళ్లుగా అర్థంకానిది అర్థమైంది. కోతల నెల చూసి, నలభై రోజుల లెక్క చూసి, తన భక్తిని లెక్కేసి మరీ సభ పెట్టారు. తను దేవుడి కోసం పలకను కట్టేస్తే వాళ్లు దానితో ఊరి నోరు కట్టేశారు. ఒళ్లు మండిపోయింది. బుడే మీద కాదు, తన మీదే.

“ఉండరా,” అని లోపలికి వెళ్లి అటక మీది గోనెసంచి దించాడు. దొడ్లో గడ్డి పోగేసి అగ్గిపుల్ల గీశాడు. హెలెన్ వచ్చి మంట పక్కన నిలబడింది. వద్దనలేదు. ఏడుస్తూ నిలబడింది, అంతే. తోలు కాగి గణగణమనేదాకా ఆగి ఆయన వీధిలోకి నడిచాడు.

మొదటి దరువుకే పేట పేటంతా బయటికొచ్చింది. శ్రమదినాల్లో ఇమ్మానియేలు పలక మోగడం ముప్పై ఐదేళ్లలో ఇదే మొదలు. సంఘపెద్ద ఒకాయన వరండాలోంచి కేకేశాడు. “ఏందయ్యా ఇది? మాటిచ్చి తప్పుతావా?”

“దేవుడికి నేను తర్వాత సమాధానం చెప్పుకుంటానయ్యా. ముందు ఊరికి చెప్పనీ.”

ప్రతి వీధీ తిరిగాడు. కోతలకు పోయినవాళ్ల కోసం చేలగట్ల వెంట కూడా తిరిగాడు. ఎండుమిరప కళ్లాల దగ్గర ఆగి ఆగి చెప్పాడు. గొంతు చిట్లి, చివరికి గాలి మాత్రమే వస్తుంటే కూడా పెదాలు ఆడించాడు. ఆ మధ్యాహ్నం తూర్పు నుంచి ఏ దరువూ వినపడలేదు. వినపడినా తన మోతలో కలిసిపోయి ఉంటుంది.

విచారణ నాడు సచివాలయంలో పట్టక జనం మెట్ల మీదా, రోడ్డు మీదా నిలబడ్డారు. లక్ష్మీదుర్గ గారు చిన్న మనిషి, కళ్లజోడు, ముక్కుసూటి మాట. హాజరుపట్టీ తెరిచి ఒక్కో పేరే చదివింది. పేరుగలవాళ్లు లేచి, వచ్చారో లేదో చెప్పాలి. నేను రాలేదమ్మా. నేను చేలో ఉన్నానమ్మా. సంతకం నాదే గానీ దేనికో తెలియదమ్మా. నేను రాలేదు. బాపయ్య కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. తర్వాతి పేరు ఆవిడ మామూలుగానే చదివింది.

“ఆదెమ్మ, భర్త ఇమ్మానియేలు. వేలిముద్ర.”

ఎవరూ లేవలేదు. ఆవిడ మళ్లీ చదివింది. వెనక నుంచి ఎవరో అన్నారు, “ఆమె అప్పటికే ఎనిమిది నెలలైందమ్మా పోయి. ఆ కుంట పక్కనే పాతిపెట్టాం.”

బాపయ్య ఫోను జేబులో పెట్టుకున్నాడు. “పాత పుస్తకంలోంచి పేర్లు ఎక్కించేటప్పుడు పొరపాటు జరిగుంటది మేడం.”

తన గోరీని అప్పగించే సభకి ఆదెమ్మ లేచి వచ్చి ముద్ర వేసి వెళ్లింది. కాగితం చెప్పేది అదే. ఇమ్మానియేలు బల్ల దగ్గరికి నడిచి పుస్తకంలోకి వంగి చూశాడు. ఊదారంగు వేలిముద్ర మధ్యలో ఏటవాలుగా తెల్లగీత ఉంది. పలకకు తోలు బిగిస్తూ ఏనాడో కత్తికి తెగిన తన ఎడమచేతి నడిమివేలు అది. ఆ వేలిని ముద్ర పక్కనే ఆనించి చూపించాడు.

“ఇది నా వేలమ్మా. ఈ పదీ నా వేళ్లే. చాటింపు కూడా నేను వెయ్యలేదు. సంతకం పెట్టి, వేశానని గుళ్లో అబద్ధం చెప్పాను.”

“ఒరే, నీకేమన్నా మతిపోయిందా?” బాపయ్య లేచాడు. “నీ కొడుకు సంగతి ఆలోచించుకున్నావా?”

“మీరు కూర్చోండి,” అంది లక్ష్మీదుర్గ. తర్వాత ఇమ్మానియేలు వైపు తిరిగింది. “ఇది రాసుకుంటే నేరం ఒప్పుకున్నట్టు అవుతుంది. తెలుసా మీకు?”

“తెలుసమ్మా. రాయండి.”

“పుస్తకం ఎవరు తెచ్చారు?”

బుడే గోడకి అతుక్కుపోయి నిలబడి ఉన్నాడు. ఇమ్మానియేలు అతని వంక చూశాడు. “బుడే తెచ్చాడు. వాడిని పంపినోళ్లు పంపారు. వేళ్లు మాత్రం నావే.”

తీర్మానం నిలిపేశారు. ట్యాంకర్లు ఆగాయి. బాపయ్యకు నోటీసు వచ్చింది, బుడే సస్పెండయ్యాడు, ఇమ్మానియేలు మీద కేసు రాశారు. అనిల్ కుమార్‌ను మర్నాడే పనిలోకి రావద్దన్నారు. వాడు తండ్రిని ఒక్క మాట కూడా అనలేదు. నాలుగు రోజులు ఇంటి పట్టునే ఉండి, ఐదో రోజు మార్టూరు వైపు ఇంకో యూనిట్‌లో పని వెతుక్కుంటూ వెళ్లాడు.

పది రోజుల తర్వాత లక్ష్మీదుర్గ సర్వేయరును తీసుకుని సమాధుల తోటకే వచ్చింది. బురద తీసే ఖర్చు యూనిట్ భరించాలని ఉత్తర్వు తెచ్చింది. ఎవరి సమాధి ఎక్కడుందో ఇంటివాళ్లు చూపించాలి, చూపించినట్టు సంతకం పెట్టాలి. గుర్తు పెట్టిన చోట కూలీల చేత పారలతో తీయిస్తారు. మిగిలిందంతా జేసీబీ తీసేస్తుంది.

సిమెంటు సిలువలవాళ్లకు ఇబ్బంది లేదు. మట్టిదిబ్బలవాళ్లు ఇక్కడే ఇక్కడే అని, ఒకరినొకరు చూసుకుంటూ చూపించి సంతకాలు పెట్టారు. ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు. ఇమ్మానియేలు వంతు వచ్చింది.

తెల్లటి నేల మీదికి నడిచాడు. తుమ్మచెట్టు దగ్గర్నుంచి ఆరడుగులని గుర్తుంది. తుమ్మచెట్టు లేదు. తంగేడు పొదకి ఎడమవైపని గుర్తుంది. పొద లేదు. ఎండ నెత్తి మీద నిప్పులు కురిపిస్తోంది, అది ఎప్పుడూ పలక మోగే వేళే. ఆయన అలాగే నిలబడి ఎదురుచూశాడు. ఏడాది పైగా వద్దన్నా వదలని మనిషి, ఇప్పుడొచ్చి ఇదిగో ఇక్కడ అని ఒక్క మాట చెబితే చాలు. “ఎక్కడున్నావే?” అని పైకే అడిగాడు. దూరంగా హైవే మీద లారీల మోత తప్ప ఏమీ లేదు.

హెలెన్ దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది. “ఎక్కడో ఒకచోట చూపించండి మావయ్యా. కాదని ఎవరంటారు? లేకపోతే అత్తయ్య మీద మిషన్ పోతది.”

ఆ పిల్ల చెప్పింది నిజమే. లక్ష్మీదుర్గ కాగితం, పెన్ను పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ కూడా కాదనేలా లేదు. ఆమెకీ కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

ఇమ్మానియేలు పెన్ను తీసుకున్నాడు. కాసేపు చేతిలో పట్టుకుని చూశాడు. తిరిగి ఇచ్చేశాడు.

“నాకు తెలియదమ్మా. తెలియకుండా సంతకం పెట్టలేను.”

జాబితాలో ముప్పై ఒక్క పేర్లు ఎక్కాయి. ఆదెమ్మ పేరు ఎక్కలేదు.

సోమవారం జేసీబీ వచ్చింది. మొదటి బొచ్చె నేలలో దిగేసరికి గచ్చు పగిలి, తెల్లదుమ్ము లేచింది. ఇమ్మానియేలు తువ్వాలు ముక్కుకి అడ్డంపెట్టుకుని బండికి ఎదురెళ్లి చెయ్యెత్తాడు. డ్రైవరు ఇంజను ఆపకుండా తల బయటికి పెట్టాడు.

“ఏంది తాతా?”

“కాస్త మెల్లగా తియ్యి బాబూ. ఈ కింద మా ఇంటిదుంది.”

“ఎక్కడ? ఎటుపక్క? చూపిస్తే అటు పోకుండా తీస్తా.”

“తెలియదు బాబూ. అందుకే మెల్లగా తియ్యమంటున్నా.”